ఉద్ది మారే ఆట: టీచరమ్మ జవాబులు

పోయిన సంచికలో, గుండ్రంగా నిలబడి ఆడుతూ ఉద్దిని, అంటే జతగా ఆడే మనిషిని, మార్చుకునే ఆటల గురించి నాలుగు ముక్కలు రాశాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. నేనెవరో అడిగినవాళ్ళకు ముందు చెప్పేస్తాను. మాది ప్రొద్దుటూరు. డ్రిల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. మా నాయన ఊళ్ళో కోలాటం జట్టుకు మద్దెల వాయించేవాడు. కూతురు కాన్పుకని అమెరికాలో మసాచుసెట్స్ పోయి ఆర్నెల్లు ఉన్నాను. అక్కడ గ్రీన్‌ఫీల్డ్ అనే ఊళ్ళో, చెక్క నేల ఉన్న పాత గ్రేంజ్ హాల్లో (గ్రేంజ్ అంటే అక్కడి రైతుల సంఘం) వాళ్ళ జానపద ఆటలు చూశాను. మూడో వారానికి చూడడం మానేసి ఆడడం మొదలుపెట్టాను. ఉద్ది మారే ఆటను వాళ్ళు మిక్సర్ అంటారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు వంటింట్లో మిక్సీ గురించి అనుకున్నాను. ఇక ఉత్తరాలు.

టీచర్ గారూ, మాది కడపలో ముప్పై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. సంక్రాంతికి అందరం మేడమీద కలుస్తాం. ప్రతిసారీ ఒకే రంగు చీరలు కట్టుకున్న ఎనిమిది మంది కోలాటం వేస్తారు, మిగతావాళ్ళు ఫోన్లలో తీస్తారు, భోంచేసి వెళ్ళిపోతారు. లిఫ్టులో ఎదురుపడితే ఒకరి పేరు ఒకరికి తెలియదు. అందరూ ఆడగలిగేది ఏదైనా చెప్పండి. — సంఘం కార్యదర్శి, కడప

ఆ ఎనిమిది మందిని ఏమీ అనకండి. నెలరోజులు నేర్చుకున్నారు, ఆడి చూపించుకోనివ్వండి. కాకపోతే చూపించే ఆట వేరు, కలిసే ఆట వేరు. మీ మేడమీద మొదటిది ఉంది, రెండోది లేదు, అంతే.

కలిసే ఆట ఎంచుకునేటప్పుడు బాగా ఆడేవాళ్ళ వైపు చూడొద్దు. పిట్టగోడకు ఆనుకుని, చెప్పులు విడవాలా వద్దా అని తటపటాయిస్తున్న ఒక మనిషి ప్రతి మేడమీదా ఉంటాడు. ఆయనను చూడండి. ఆయనకు ఒక్కసారి చెబితే అర్థమయ్యేదే మీ ఆట. ఆ ఎనిమిది మందికి అది మరీ తేలిక అనిపిస్తుంది. అనిపించనివ్వండి, వాళ్ళను పక్కవాళ్ళకు దారి చూపమనండి.

నేను మా వీధిలో ఆడించేది సర్కాసియన్ సర్కిల్ అనే ఆటను మనకు తగినట్టు మార్చుకున్నది. స్కాట్లండ్, ఇంగ్లండ్, ఐర్లండ్‌లలో పెళ్ళిళ్ళకూ ఊరి కూటాలకూ దాన్ని ఆడతారు. మొత్తం అరవై నాలుగు అడుగులు, పదహారు చొప్పున నాలుగు ముక్కలు. జంటలో ఎడమ పక్కన నిలబడేవాళ్ళ మణికట్టుకు ఎర్ర దారం, కుడి పక్కన నిలబడేవాళ్ళకు పసుపు దారం కట్టండి. మొదటి పదహారులో అందరూ నాలుగడుగులు లోపలికి, నాలుగు వెనక్కి, మళ్ళీ అదే. రెండో పదహారులో పసుపువాళ్ళు నాలుగడుగులు లోపలికి పోయి, వెనక్కి వస్తారు. తర్వాత ఎర్రవాళ్ళు లోపలికి పోతారు, కానీ వచ్చిన చోటికి తిరిగి రారు. వెనక్కి తిరిగి, ఇందాక తమ ఎడమ పక్కనున్న పసుపు మనిషి దగ్గరికి చేరతారు. ఉద్ది మారేది ఇక్కడే. మూడో పదహారులో కొత్త ఉద్దితో ఎదురెదురుగా కర్రలు కొట్టుకోవడం. అక్కడివాళ్ళు ఈ చోట ఒకరినొకరు పట్టుకుని గిరగిరా తిరుగుతారు, మనకు కర్రలే నయం. నాలుగో పదహారులో ఇద్దరూ పక్కపక్కన వలయం వెంట నడక. నడక అయిపోగానే లోపలికి తిరిగి నిలబడితే, మళ్ళీ మొదటి పదహారు.

ఆ నడక దగ్గర నాకొక తగాదా వచ్చింది. అక్కడ జంటలు గడియారం ముల్లుకు ఎదురు దిక్కున నడుస్తాయి. అలా నడిస్తేనే పసుపు మనిషి బయటి పక్క ఉండి, ఆగినప్పుడు ఒక్క అడుగుతో తన చోటికి వస్తుంది. నేను అదే చెప్పాను. మా వీధి అవ్వ ఒకామె దబుక్కున ఆగిపోయింది. "నడుమ దీపం పెట్టి అప్రదక్షిణంగా తిరగమంటావా?" అంది. మాట నిజమే. దీపం తీయించి మెట్ల మీద పెట్టించాను. నడుమ ఏమీ లేకపోతే ప్రదక్షిణమూ లేదు, అప్రదక్షిణమూ లేదు. గొబ్బెమ్మ చుట్టూ ఆడేటప్పుడు మాత్రం ఈ ఆట పెట్టకండి, అక్కడ మన గొబ్బిపాటే పాడుకోండి.

చోటు లెక్క కూడా చూసుకోండి. కర్రలతో ఆడితే మనిషికి మూడు గజాల చోటు కావాలని కొందరు భయపెడతారు. మూడడుగులు చాలు. నలభై మందికి చుట్టుకొలత 120 అడుగులు, అంటే అడ్డంగా 38 అడుగులు. మేడమీద నీళ్ళ ట్యాంకులూ సోలార్ హీటర్లూ పోగా అంత చోటు చాలామందికి ఉండదు. అప్పుడు ఒకదాంట్లో ఒకటి కాకుండా పక్కపక్కన రెండు వలయాలు వేయించండి. లోపలి వలయంలో పడ్డవాళ్ళకు అడుగేసే చోటు ఉండదు, బయటివాళ్ళు పరుగెత్తాల్సి వస్తుంది. సుద్దముక్కతో నేలమీద వలయం గీసిపెట్టండి. మన జనం ముగ్గు తొక్కరు, గీత దగ్గరికి మర్యాదగా వచ్చి ఆగుతారు.

ఎప్పుడు పెట్టాలంటే, అందరూ వచ్చిన పది నిమిషాలకే. ఆ ఎనిమిది మంది కోలాటం తర్వాత అనుకుంటే, అంత బాగా ఆడినవాళ్ళ ముందు మేమేం ఆడతామని జనం కుర్చీల్లోంచి లేవరు. ముందు అందరి ఆట, తర్వాత వాళ్ళ ఆట. భోజనం అయ్యాక ఇంకొకటి పెట్టాలనిపిస్తే నడక ఎక్కువ, గెంతులు తక్కువ ఉన్నది చూసుకోండి. ఓళిగలు తిన్న కడుపుతో తిరుగుడు ఆట ఆడిస్తే ఏమవుతుందో నాకు తెలుసు, మీకెందుకు లెండి.

అక్కా, మాది ఉరవకొండ దగ్గర పల్లె. ఉగాదికి యువజన సంఘం తరఫున మీరు చెప్పిన ఆట ఆడిద్దామనుకున్నాం. మగపిల్లలు, ఆడపిల్లలు చేతులు పట్టుకుంటే పెద్దలు ఒప్పుకోరు. ఆడామగా జంట లేకుండా ఈ ఆట అవుతుందా? — డిగ్రీ విద్యార్థిని, అనంతపురం జిల్లా

ఎందుకు కాదమ్మా? జంటకు ఇద్దరు కావాలి, అంతే. ఆడామగా అని ఆటకేం పట్టింది? అమెరికాలో కూడా ఇదివరకు జెంట్స్, లేడీస్ అనే పిలిచేవాళ్ళు. ఇప్పుడు చాలా చోట్ల లార్క్, రాబిన్ అని రెండు పిట్టల పేర్లు పెట్టుకున్నారు. వాళ్ళ భాషలో ఎడమకూ లార్క్‌కూ మొదటి అక్షరం ఒకటే, కుడికీ రాబిన్‌కూ మొదటి అక్షరం ఒకటే. అందుకని ఎవరు ఎటు నిలబడాలో గుర్తుంటుంది. ఏ మనిషైనా ఏ పిట్టైనా కావచ్చు. నా దారాలు అక్కడినుంచి వచ్చినవే. దారం రంగును బట్టి పిలిస్తే "మగవాళ్ళు ఇటు, ఆడవాళ్ళు అటు" అనే మాటే నోటికి రాదు. ఆ మాట రాకపోతే ఊళ్ళో సగం గొడవ ఉండదు.

మిగిలిన సగానికి కర్ర ఉంది. మనవాళ్ళు కోలాటానికి కర్ర ఎందుకు పెట్టుకున్నారో నాకు తెలియదు గానీ, నా పనికి మాత్రం అంతకంటే మంచి వస్తువు లేదు. నీ కర్ర చివర అవతలివాళ్ళ కర్ర చివరకు తగులుతుంది. మనిషికీ మనిషికీ మధ్య రెండు కర్రల దూరం. చెయ్యి పట్టుకోవాల్సిన చోటల్లా కర్ర కొట్టించు. పక్కపక్కన నడిచేటప్పుడు ఒకే కర్రను చెరొక చివర పట్టుకోమను. వెదురు కర్ర అయితే తేలిక, మోత కూడా బాగుంటుంది. చివరలు నున్నగా రుద్దించు, పేళ్ళు లేచి అరచేతుల్లో గుచ్చుకుంటాయి. కొత్తవాళ్ళకు ఒక్క కర్ర చాలు. రెండిస్తే రెండో చేత్తో ఏం చేయాలో తెలియక పక్కవాళ్ళ చెవి మీద కొడతారు.

ఇంకొక మాట. నా చిన్నప్పుడు మా ఊళ్ళో కోలాటం వేసింది మగవాళ్ళే. పంటలు ఇంటికొచ్చాక రాత్రిపూట గుడి ముందర వేసేవాళ్ళు, మేం అరుగులమీద కూర్చుని చూసేవాళ్ళం. మీ ఊరి పెద్దల్లో ఆ రోజుల్లో ఆడినవాళ్ళు తప్పకుండా ఉంటారు. "తాతా, మొదటి వలయం మీరు వేయండి" అని ఒక కర్ర చేతిలో పెట్టు. అభ్యంతరం చెప్పే మనిషి వలయంలో ఉంటే బయటినుంచి అభ్యంతరం చెప్పేవాడు ఎవడూ ఉండడు. అయినా ఒప్పుకోకపోతే ఆడవాళ్ళ వలయం ఒకటి, మగవాళ్ళ వలయం ఒకటి వేసేయ్. ఆట ఏమీ తగ్గదు.

మేడమ్, కర్నూలులో మా కాలనీలో వినాయక చవితి రోజు ఆట చెప్పే పని నాకు అంటగట్టారు. నేను చెప్పడం పూర్తయ్యేసరికి పాట ముందుకు పోతోంది. ఎడమ అంటే సగం మంది కుడికి పోతున్నారు. మైకు పట్టుకుంటే టెన్షన్‌తో గొంతు ఎండిపోతోంది. — బ్యాంకు ఉద్యోగి, కర్నూలు

నాయనా, నీ గొంతులో తప్పేమీ లేదు. తాళం పడిన చోట నువ్వు చెబుతున్నావు. తాళం పడకముందే చెప్పాలి.

ఎనిమిది లెక్క తీసుకో. జనం ఒకటి నుంచి ఎనిమిది దాకా ఏదో చేస్తున్నారు. తర్వాతి ఎనిమిదిలో ఏం చేయాలో ఈ ఎనిమిదిలోనే, అదీ చివరి సగంలో వాళ్ళ చెవిన పడాలి. ఒకటి, రెండు, మూడు, నాలుగు నోరు మూసుకో. అయిదూ ఆరూ మీద "పసుపు". ఏడు మీద "లోనికి". ఎనిమిది ఖాళీగా వదిలెయ్. ఆ ఖాళీలోనే వాళ్ళు బరువు ముందు కాలిమీదికి తెచ్చుకుంటారు. మళ్ళీ ఒకటి పడేసరికి పసుపువాళ్ళు లోపలికి కదులుతారు, నువ్వు చెప్పినట్టే ఉండదు, పాటే చెప్పినట్టు ఉంటుంది. ఇంట్లో గోడ గడియారం ముందు కూర్చుని, టిక్కుటిక్కుకు తొడమీద తట్టుకుంటూ ఇది పలికి చూడు. నేను మా ఇంట్లో కుక్కర్ ఈలల మధ్య పలికి నేర్చుకున్నాను.

ముందే ఎవరు, తర్వాతే ఏమిటి. "లోపలికి పోవాలండీ పసుపు దారం కట్టుకున్నవాళ్ళు" అంటే, చివరి మాట వినేలోపు అందరూ లోపలికి పోయి ఉంటారు. "పసుపు, లోనికి." మర్యాదలన్నీ పాట మొదలు కాకముందు చూపించుకో. ఆట నడుస్తున్నప్పుడు "దయచేసి" అన్నా లెక్క తప్పుతుంది.

కుడి ఎడమల గొడవ నీ ఒక్కడిదే కాదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు డ్రిల్ చెప్పాను, కుడి అనగానే కుడికి తిరిగే క్లాసు ఒక్కటీ చూడలేదు. ఎడమచేతి వాటం వాళ్ళను కూడా మన అమ్మలు కుడిచేత్తోనే అన్నం తినమన్నారు కాబట్టి "అన్నం చెయ్యి" అను. ఒక్కరూ తప్పరు. చుట్టూ తిరగడానికి "గుడిలో తిరిగినట్టు" అంటే సరిపోతుంది, వలయానికి కుడి భుజం పెట్టి నడుస్తారు. దానికి ఎదురు దిక్కు కావాలంటే "గుడికి ఎదురు" అను. నవ్వుతారు, నవ్వుతూనే సరిగ్గా పోతారు.

పాట లేకుండా రెండుసార్లు నడిపించు, మూడోసారి వద్దు. మూడోసారికి తెలిసినవాళ్ళకు విసుగొస్తుంది, తెలియనివాళ్ళకు ఇదేదో కష్టమైనదని భయం పుడుతుంది. ఆ నడిపించేటప్పుడు వలయం నడుమ నిలబడకు, సగం మందికి నీ వీపే కనబడుతుంది. వలయంలో ఒకడిగా నిలబడి చూపించు. పాట మొదలయ్యాక బయటికొచ్చి ఏదైనా ఎత్తు మీద నిలబడు.

పాట మొదలయ్యాక మూడు చుట్లు అన్నీ చెప్పు. నాలుగో చుట్టులో ఒక్క మాట చొప్పున చెప్పు. అయిదో చుట్టుకు నోరు మూసుకుని చూడు, వాళ్ళంతట వాళ్ళే ఆడుతుంటారు. మైకు చేతిలో ఉంటే ఊరుకోబుద్ధి కాదు, నాకు తెలుసు. "శభాష్", "అదీ" లాంటివి కూడా వద్దు, ఏదో చెబుతున్నావనుకుని నలుగురు ఆగిపోతారు. ముగించే ముందు మాత్రం "ఆఖరు చుట్టు" అని చెప్పు. మన కోలాటం గురువులు ఇవన్నీ ఒక్క విజిల్‌తో చేస్తారు. కోపు, అంటే అడుగుల వరుస, మారాలంటే ఒక ఈల. అది నెలల తరబడి నేర్చుకున్నవాళ్ళకు. ఈల వినబడుతుందే గానీ ఏం చేయాలో చెప్పదు, కొత్తవాళ్ళకు మాట కావాలి.

నడుమ అంతా కలగాపులగం అయిందనుకో, పాట ఆపకు. ఆపితే తప్పెవరిదని పంచాయితీ మొదలవుతుంది. "ఎవరి పక్కన ఎవరుంటే వాళ్ళే ఉద్ది" అని ఒక్క కేకేసి, పల్లవి మొదటికి వచ్చినప్పుడు మళ్ళీ మొదటినుంచి చెప్పు.

ఏ పాట పెట్టాలి? సినిమా పాట పెట్టవచ్చా? — ఆదోని

పెట్టవచ్చు, లెక్కపెట్టి చూశాక. పల్లవి పదహారులో సరిపోతుంది. చరణానికి ముందు వచ్చే మ్యూజిక్ బిట్ దగ్గరే పన్నెండో పద్దెనిమిదో అయి కూర్చుంటుంది, అక్కడ ఆట పాడవుతుంది. భజన పాటలకు ఆ బాధ లేదు. మద్దెలవాడు దొరికితే పాటకంటే మద్దెలే మేలు, ఆగమంటే ఆగుతాడు. సెకనుకు రెండడుగుల వేగం అయితే అరవై నాలుగు అడుగులకు ముప్పై రెండు సెకన్లు. పది చుట్లకు అయిదున్నర నిమిషాల లోపే. కొత్తవాళ్ళకు అంతకుమించి వద్దు. మన భజనలో చివరికి వేగం పెంచుకుంటూ పోతారు చూడండి, దాన్ని ఆఖరి రెండు చుట్లకు దాచుకోండి.

టీచరమ్మా, ఏడుగురిని లెక్కపెట్టి ఆగే ఆట ఒకటి మీరు పోయినసారి రాశారు. మా రైల్వే కాలనీలో ఆడించాం. ఎన్నిసార్లు తిరిగినా ఆ ఇద్దరే ఇద్దరు ఉద్దిగా వస్తున్నారు. ఏం తప్పు చేశాం? — గృహిణి, గుంతకల్లు

మీరు పన్నెండు జంటలు కదూ? ఉత్తరంలో రాయకపోయినా చెప్పగలను. తప్పు మీది కాదు, నాది. ఆ సంగతి రాయడం మరిచిపోయాను.

చదవనివాళ్ళ కోసం: ఆ ఆట పేరు లక్కీ సెవెన్. ఉద్దితో మొదలుపెట్టి కుడిచెయ్యి ఇచ్చి దాటుతూ, ఆ తర్వాతి మనిషికి ఎడమచెయ్యి ఇచ్చి దాటుతూ, ఏడో మనిషి దగ్గర ఆగుతారు. ఆ ఏడో మనిషే కొత్త ఉద్ది. ఎర్రవాళ్ళంతా ఒక దిక్కుకు, పసుపువాళ్ళంతా ఎదురు దిక్కుకు పోతుంటారు. మన కోలాటంలో ఒకరి లోపలినుంచి, ఒకరి బయటినుంచి దాటుకుంటూ పోవడం లాంటిదే.

లెక్క చూడండి. మొదటి మనిషి మీ ఉద్దే కాబట్టి, ఏడో మనిషి అంటే ఆరుగురిని దాటినట్టు. పన్నెండు జంటల్లో ఒకసారి ఆరు దాటితే సరిగ్గా ఎదుటి వైపు మనిషి. ఇంకో ఆరు దాటితే మళ్ళీ మొదటి మనిషే. అందుకే రాత్రంతా ఆడినా ఇద్దరే. ఆరు జంటలైతే ఇంకా అన్యాయం, ఏడో మనిషిగా మీ ఉద్దే తిరిగి వస్తుంది. ఇది నాకు పదిమంది ముందర తెలిసొచ్చింది. ఒక బడిలో స్టాఫ్ ఫంక్షన్‌కు ఆడిస్తున్నాను, సరిగ్గా ఆరు జంటలు. హెడ్‌మాస్టరుగారు గట్టిగా ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ పోయి ఏడు దగ్గర ఆగి, తల ఎత్తి చూసి, "మళ్ళీ మా ఆవిడేనా!" అన్నారు. ఆమె వెంటనే "నాకు మాత్రం మారారా?" అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం చెమటలు. అప్పటికీ పాట నడుస్తూనే ఉంది, ఏం చెప్పాలో తోచలేదు.

పన్నెండు జంటలున్నా, ఆరు జంటలున్నా ఆరో మనిషి దగ్గర ఆపండి. అప్పుడు అయిదుగురిని దాటినట్టు. అయిదు చొప్పున పోతే పన్నెండు మందీ వస్తారు, ఆరుగురైతే ఆరుగురూ వస్తారు. ఏడు జంటలు గానీ పదమూడు జంటలు గానీ ఉంటే ఏడు మీద ఆపినా అందరూ వస్తారు. ఇదంతా తలనొప్పి అనిపిస్తే పైన కడపవాళ్ళకు చెప్పినది ఆడుకోండి, ఒక్కొక్కరినే దాటడం కాబట్టి ఎన్ని జంటలైనా అందరూ అందరికీ దొరుకుతారు.

బేసి సంఖ్యలో మనుషులుంటే ఏం చేయాలని కింద ఇంకో ప్రశ్న రాశారు. మిగిలిపోయిన మనిషిని దొంగను చేసి నడుమ నిలబెట్టండి. ఉద్ది మారే క్షణంలో దొంగ వచ్చి ఎవరో ఒకరి చోటు కొట్టేయవచ్చు, చోటు పోయినవాళ్ళు కొత్త దొంగ. పిల్లలు దొంగ కావడానికే పోటీ పడతారు. ఉద్ది పోగొట్టుకున్నవాళ్ళు కూడా వలయంలో వెతుక్కుంటూ తిరగకుండా నడుమకు రావాలని ముందే చెప్పి పెట్టండి. నడుమన ఎవరో ఒకరు తప్పకుండా ఉంటారు.

మేడమ్ గారికి, నేను నలభై ఏళ్ళుగా కోలాటం నేర్పుతున్నాను. ఏకకోలాటం, జంటకోలాటం, జడకోలాటం అన్నీ ఉండగా అమెరికా ఆటలు తెచ్చి కలపడం దేనికి? మన కోపులు ఏం పాపం చేశాయి? — జమ్మలమడుగు

గురువుగారికి నమస్కారం. మీ కోపం నాకు అర్థమైంది. మా నాయన బతికుంటే ఆయనా ఇదే అడిగేవాడు.

కర్రలాట మనకు కొత్త కాదని ఎవరికీ చెప్పనక్కరలేదు. 13వ శతాబ్దంలో జాయప సేనాని తన నాట్యగ్రంథం నృత్తరత్నావళిలో దండరాసకం అని రాసింది ఈ కర్రల ఆట గురించే. హంపిలో మహానవమి దిబ్బ చుట్టూ రాళ్ళమీద కూడా కోలాటం ఆడేవాళ్ళు ఉన్నారు. కొత్తది నేను తెచ్చింది ఒక్కటే, కొత్త మనిషిని అయిదు నిమిషాల్లో వలయంలోకి లాగడం. జడకోలాటమే తీసుకోండి. పైనుంచి వేలాడే తాళ్ళను అల్లుకుంటూ పోయి, మళ్ళీ అదే దారిలో విప్పుకుంటూ రావాలి. ఒక్కరు లోపలినుంచి పోవాల్సింది బయటినుంచి పోతే జడ ముడిపడి నిలిచిపోతుంది, విప్పేవాడు నిచ్చెన తేవాల్సిందే. అంత గొప్ప ఆటను పండుగకు వచ్చిన అల్లుడి చేతిలో పెట్టలేం కదా. నేను చెప్పేవి తప్పినా ఫరవాలేని ఆటలు. తప్పినవాళ్ళు ఇంకో ఉద్దితో కలుస్తారు, నష్టం లేదు.

మీలాంటివాళ్ళ దగ్గర నేను అడగాల్సింది ఒకటుంది. జంటకోలాటంలో ఉద్ది మారుతూ పోయే కోపుల్లో ఎనిమిది లెక్కలో ముగిసేవి, రెండు వాక్యాల్లో చెప్పగలిగేవి మీకు ఎన్నో తెలిసి ఉంటాయి. ఒక్కటి రాసి పంపండి. దాంతోనే మొదలుపెట్టిస్తాను, సర్కాసియన్‌ను రెండోదిగా పెట్టుకుంటాను.

అమ్మా, నాకు అరవై ఎనిమిది ఏళ్ళు. మాయన పోయి మూడేళ్ళయింది. మా వీధిలో ఆడవాళ్ళంతా ఆడుతుంటే కూర్చుని చూస్తుంటాను. నాకు ఉద్దిగా ఎవరు వస్తారు? మోకాళ్ళు కూడా అంతంతమాత్రమే. — మైదుకూరు

అక్కా, ఈ ఆటకు ఉద్దిని వెంటబెట్టుకుని రావాల్సిన పని లేదు. నువ్వు వలయంలో నిలబడితే చాలు. మొదటి ఉద్ది నీ పక్కన ఎవరుంటే వాళ్ళు. ముప్పై సెకన్లకు ఇంకొకరు వస్తారు, వాళ్ళ తర్వాత ఇంకొకరు. పిలవాల్సిన అవసరం ఎవరికీ లేదు, వద్దనే అవకాశం కూడా ఎవరికీ లేదు. నువ్వు పసుపు దారమే కట్టుకో. ఎర్రవాళ్ళకు వెనక్కి తిరిగి కొత్త మనిషి దగ్గరికి చేరే పని ఉంటుంది, పసుపువాళ్ళు తమ చోట్లోనే ఉంటే వాళ్ళే వస్తారు. లోపలికి నాలుగు అడుగులన్నచోట నువ్వు రెండే వెయ్యి, ఎవరూ లెక్కపెట్టరు. నడక దగ్గర మోకాలు మొరాయిస్తే ఉన్నచోటే నిలబడి కర్ర కొడుతూ ఉండు, నీ ఉద్దిని కూడా ఆపుకో. వాళ్ళకూ కాస్త ఊపిరి.

చెప్పులు విడిచిరా. నేల ఎండకు కాలుతుంటే మేజోళ్ళు వేసుకోవద్దు, జారతాయి. పొద్దు వాలేదాకా ఆగమని చెప్పు. కుచ్చిళ్ళు ఒక అంగుళం పైకి దోపుకో.